మూసేయని ఫిర్యాదు

మందుల అనుమతి అధికారి గారికి నమస్కారం.

మా తమ్ముడి జబ్బుకు వచ్చిన కొత్త మందుకు మీరు అప్పుడే అనుమతి ఇచ్చి ఉంటే వాడు బతికేవాడా? తొమ్మిదేళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

మీకు గుర్తుండకపోవచ్చు. మీ బల్ల ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టింది నేనే. మీరు కుర్చీ జరిపి, "కూర్చుని తిట్టండమ్మా. ఆ మందు లివర్‌ని ఏం చేస్తుందో తేలకుండా మాత్రం సంతకం పెట్టలేను" అన్నారు. ఇంటికెళ్లి చెబితే తమ్ముడు నవ్వాడు. "నా రోగానికి తొందరెక్కువ, వాళ్ల ఫైలుకి నిదానమెక్కువ. ఈ సంబంధం కుదరదులే అక్కా!" నాలుగు నెలలకే పోయాడు. మీమీద ఫిర్యాదు రాసింది ఆ వారమే.

నిరుడు అదే జబ్బు మా అమ్మాయికీ వచ్చింది. ఈలోగా మందుకు అనుమతి వచ్చింది, నెలనెలా రక్తపరీక్ష చేయించాలని మీరు పెట్టిన షరతుతో. మూడో పరీక్షలో లివర్ దెబ్బతింటోందని తెలిసి డాక్టరుగారు మోతాదు సగానికి తగ్గించారు. "ఆ షరతే లేకపోతే మనకు ఆలస్యంగా తెలిసేదమ్మా" అన్నారు. నిన్న మా అమ్మాయి మూడంతస్తులు ఎక్కి వచ్చి, "పాడైంది లిఫ్టేనమ్మా, నేను కాదు" అంది. మీకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

మీరు రిటైరవుతున్నారట. పాత ఫిర్యాదు మూసేయడానికి నా సంతకం కావాలని మీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. వారం నుంచి కలం తీస్తున్నాను, పెట్టేస్తున్నాను. మా అమ్మాయి తల్లిగా మీ మేలు ఎప్పటికీ మరచిపోను. మా తమ్ముడి అక్కగా ఆ సంతకం పెట్టాలో వద్దో మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.