తొట్టిలో తేలిన చీర

తమ్ముడికి ఆశీస్సులు. ఈ దీవిలో ఫోను అందడం లేదు, అందుకే కార్డు రాస్తున్నాను, కంగారుపడకు.

మేం దిగిన చోటుకు గుడారమని పేరేగాని లోపల పరుపుల మంచాలు, బయట సముద్రానికి ఎదురుగా వేడినీళ్ల తొట్టి ఉన్నాయి. చెల్లి మూడు రోజులుగా ఆ తొట్టిలోనే ముడుచుకు కూర్చుంది. ఉండబట్టలేక ఈ ఉదయం నేనూ కట్టుచీరతోనే దిగాను. చీర బుడగలా ఉబ్బి తేలింది.

"అమ్మగారూ, తొట్టి మోటారులో చుట్టుకుంటుంది, లేవండి!" అని కాపలాదారు కేకలు పెట్టాడు.

"అక్కా, చీరతోపాటు నిన్నూ ఆరెయ్యాలి" అని చెల్లి పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. "ఇంక ఆయన దగ్గరికి వెళ్లనక్కా" అంది. చెయ్యి చేసుకుంటున్నాడట, చాలాకాలంగా.

అప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఆదివారం దాకా మనుషులెక్కే పడవ లేదు, ఈ కార్డు చేపల పడవవాళ్ల చేతికిస్తున్నాను. చెల్లి కోసం ముందు గది ఖాళీ చేయించు. వంటింటి కుళాయి బాగుచేయించావా? అతను ఫోను చేస్తే అక్క వచ్చాక మాట్లాడుతుందని చెప్పి పెట్టెయ్యి. నిరుడు చెల్లి ఏడుస్తూ వస్తే సర్దుకుపొమ్మని పంపింది నేనే. ఈసారి ఆ మాట మన ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

మీరంతా చల్లగా ఉండాలి. రోజూ దేవుడికి అందరి పేర్లూ చెప్పుకుంటాను. ఇవాళ అతని పేరు వదిలేశాను.

పెద్దక్క