ముందుగదికి తలుపు వద్దన్నారు

1948 అక్టోబరు 2

బీదర్ నుంచి వదిన నసీమా వచ్చింది. ఎదిగిన ఆడపిల్లలిద్దరూ, ఒక మూట. చేతులకు గాజుల్లేవు. భర్త సంగతి అడగలేదు, కనిపిస్తూనే ఉంది. మా ఆయన సంగతి అడిగాను. వీళ్ళను తీసుకురావడానికే కదా ఆయన, యూనియన్ మిలిటరీ రాకముందు బయల్దేరి పోయింది. "తమ్ముడు మా దిక్కు రానే లేదు... నేను సూడలె" అంది. అంతే. అత్తమ్మ నమాజు చాప మీద నుంచి లేవలేదు.

అక్టోబరు 4

లోపలిగదిలో అయిదుగురం. ఒకరు పక్కకు తిరిగితే మోచెయ్యి ఇంకొకరి మొహంలో. ముందుగది మాత్రం ఖాళీ — ఆయన బల్ల, కుర్చీలు. మర్దానా కదా, మగవాళ్ళ గది. మగవాళ్ళు లేకపోయినా మగవాళ్ళ గదే! వీధి తలుపు ఎవరైనా తడితే పరదా వెనక ఊపిరి బిగబట్టి కూచుంటాం. ఆడవాళ్ళం తలుపు తియ్యకూడదు, గొంతు వినిపించకూడదు. ఇవాళ పాలవాడు తట్టి తట్టి పోయాడు. చాయ్ లేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అక్టోబరు 7

పక్కింటి రాఘవయ్యగారిని అత్తమ్మ సలహాకు పిలిపించింది. సర్కారు కట్టడాల దగ్గర ఓవర్సీయరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన ముందుగదిలో, మేం పరదా ఇవతల. మధ్యన ఆయన భార్య భాగ్యమ్మ మాటలు మోస్తూ అటూ ఇటూ... నేల మీద సుద్దముక్కతో ఇల్లంతా గీశారు. ఆయన పోయాక వెళ్ళి చూశాను. మా ఇల్లు ఇంత చిన్నదా. వంటిల్లు నా అరచెయ్యంత.

మంచాల దగ్గర పేచీ. ఉత్తరానికి తల పెట్టొద్దని ఆయన, నమాజు దిక్కైన పడమరకు కాళ్ళు చాపొద్దని అత్తమ్మ. ఈ ఇరుకులో ఇద్దరి మాటా వింటే నిలబడి నిద్రపోవాలి.

అక్టోబరు 8

అసలు సలహా ఇవాళ బయటపడింది. వీధి తలుపు పీకేసి గోడ కట్టెయ్యాలట. ముందుగది ఆడవాళ్ళ పడకగది అవుతుంది. రాకపోకలకు, పెరటి సందులోంచి పాకీ మనిషి వచ్చే తలుపును పెద్దది చెయ్యాలి. పాకీ తలుపులోంచి మేం! అత్తమ్మ అంతెత్తున ఎగురుతుందనుకున్నా. ఒప్పేసుకుంది.

తాళం వేస్తే చాలదా అని భాగ్యమ్మతో అడిగించాను. ఆయన ఆమె కోసం ఆగలేదు. పరదాతోనే మాట్లాడారు. "తలుపుంటే తడ్తరమ్మా. గోడనెవ్వడు తట్టడు. ఎదిగిన పిల్లలున్నరు, జెర ఆలోచన జెయ్యి."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అందామంటే ఆయన మాటలో తప్పు లేదు. మొన్న మిలిటరీవాళ్ళు ఎదురింటి తలుపు తట్టి మగవాళ్ళను తీసుకుపోయారు. ఆ ఇల్లు అప్పుడే వేరేవాళ్ళకు అద్దెకు పోయింది. కానీ నా బాధ ఒకటే... మా ఆయనకు తెలిసింది ఆ వీధి తలుపొక్కటే. వెనక సందు ఏనాడైనా తొక్కాడా? ఈ మాట పైకి అంటే అత్తమ్మ ఏడుస్తుంది. అనకపోతే నేను ఏడవాలి.

అక్టోబరు 9

అనలేదు.

అక్టోబరు 12

అల్వాల్ నుంచి ఇటుకల బండి. మధ్యాహ్నానికి గోడ నడుమెత్తు. ఆ పైన ఇంకా వీధి కనిపిస్తూ... సాయంత్రానికి అదీ లేదు. ముందుగదిలో ఇక పగలే దీపం పెట్టాలి. వదిన పిల్లలు కాళ్ళు చాపుకుని పడుకున్నారు, వచ్చాక ఇదే మొదలు. మంచిదే. మంచిదే అని నాకు నేనే చెప్పుకుంటున్నా.

అక్టోబరు 15

గోడకు సున్నం కొట్టారు. రాఘవయ్యగారు గల్లీ అందరికీ చెప్పి పెట్టారట. ఎవరైనా ఈ ఇంటివాళ్ళేరీ అంటే, ఖాళీ చేసి సొంతూరు పోయారని చెప్పాలి. అందరూ సరేనన్నారు. మా మీద ఇంత దయ. షుక్రియా చెప్పించాను. అయినా భయం పోదే.

అక్టోబరు 21

రాయడానికేం లేదు. సిగ్గు లేకుండా నిద్ర పడుతోంది.

అక్టోబరు 27

ఎదురింట్లో కొత్తగా దిగిన లచ్చమ్మ వచ్చింది, పెరటి తలుపులోంచి. గొప్పగా చెబుతోంది, నిన్న మమ్మల్ని కాపాడిన సంగతి. పొద్దుగూకే వేళ ఎవరో మనిషి. బక్కగా, గుండుతో, గడ్డం లేకుండా. మా గోడ దగ్గర నిలబడి, తలుపున్న చోటును చేత్తో తడిమాడట. ఈడి వాళ్ళు ఏరని అడిగాడట.

"సొంతూరు బోయిన్రు అన్న. ఏ ఊరు అన్నడు. బీదర్ దిక్కు అన్న. ఇగ సక్కగ టేషన్ దిక్కు బోయిండు."

బీదర్ మాట ఎక్కడిది? మా వదిన అక్కణ్ణించి వచ్చిందని ఎవరో అంటే విన్నదట.

ఆమెను ఏమనను? మా ఆయనను ఎన్నడూ చూసిన మనిషి కాదు. మేం నేర్పించిన మాటే చెప్పింది. రాఘవయ్యగారు వినగానే చెప్పుల్లేకుండా స్టేషనుకు పరుగెత్తారు. బీదర్ బండి నిన్ననే పోయింది.

అక్టోబరు 28

లచ్చమ్మను మళ్ళీ పిలిపించాను. దగ్గాడా అని అడిగాను. మా ఆయన ఏ ఇంటికి వెళ్ళినా, లోపల ఆడవాళ్ళు సర్దుకోవాలని ముందు దగ్గుతాడు. దగ్గినట్టే ఉంది అంది. కాసేపటికి, ఏమో బిడ్డా యాదికి లేదు అంది. నా మొహం చూసి, నాకు ఏది కావాలో అది చెప్పాలని చూస్తోంది పాపం.

అక్టోబరు 30

అత్తమ్మ గోడ కొట్టించమంటోంది. రాఘవయ్యగారు పిల్లలున్నారంటారు. బీదర్ పేరెత్తితే వదిన చెవులు మూసుకుంటుంది. అక్కడికి పంపడానికి ఇంట్లో మగదిక్కు లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇన్నాళ్ళూ నన్నెవరూ అడగలేదు, ఇప్పుడు అందరూ నన్నే చెప్పమంటున్నారు.

వచ్చింది ఆయనో కాదో. ఆయనకు గడ్డం ఉండేది, కానీ ఈ రోజుల్లో గీయించుకోనివాడెవడు? ఆయనే అయితే... నన్ను వెతుక్కుంటూ మళ్ళీ అక్కడికే పోయాడు. ఇప్పుడు తలుపు పెడితే మాత్రం బీదర్‌కు కనబడుతుందా?

మేస్త్రీ పెరట్లో కూచున్నాడు. కొట్టాలా వద్దా, ఏదో ఒకటి చెప్పమంటున్నాడు.