ఇల్లు తుడవకు

వెండెల్, నేను డ్యూటీకి వెళ్తున్నా. ఇంటికి వెలకట్టడానికి బ్యాంకు మనిషి మధ్యాహ్నం మళ్లీ వస్తున్నాడు. ఇల్లు తుడవకు. వాకిట్లో గడ్డి కొయ్యకు. వంటగదిలో పైకప్పు కారి మరకపడిన చోట రంగు పూయకు, ముందు అదే చూపించు.

పోయినసారి ఏం చేశావో గుర్తుందిగా? చుట్టమొచ్చినట్టు కాఫీ ఇచ్చి, నువ్వు టైల్స్ వేసిన బాత్‌రూం చూపించి మురిసిపోయావు. ఆయన ధర పెంచి రాసుకుపోయాడు. ఇంత మంచి ఇంటిని దానిమీదున్న అప్పుకన్నా తక్కువకి అమ్ముకోనివ్వం, మిగతా అప్పు వదులుకోం అంది బ్యాంకు. కొంటామన్నవాళ్లు విసుగెత్తి వేరే ఇల్లు చూసుకున్నారు. ఇప్పుడు కొంటామని వచ్చిన ఓర్తేగా వాళ్లు కూడా పోతే ఇక బ్యాంకు వేలమే. తలుపుకి నోటీసు అంటిస్తే వీధంతా చూస్తుంది.

మన ఇంటిని మనమే తీసికట్టుగా చూపించుకోవడం నాకేమైనా సరదానా? నీ పని పోయినప్పట్నించీ ఫోన్లో బ్యాంకువాళ్లని బతిమాలుతున్నది నేను. ఈ ఒక్కపూట నా మాట విను.

బీన్స్, మాంసం వండి ఫ్రిజ్‌లో పెట్టా. వేడిచేసుకుని తిను.

మావిస్

అన్నట్టు, ఆ టైల్స్ ఎవరు వేశారని అడిగితే, మేం కొన్నప్పటికే ఉన్నాయని చెప్పు. ఎలా వేశావో రాత్రికి నాకు చెబుదువుగాని. మొదట్నించీ వింటా.