బడి గేటు దగ్గర లిడియా

హొసకోటె,
7 జూన్ 2021.

ప్రియమైన లిడియాకు,

నీ దినచర్య అందింది. అన్ని గంటలకూ లెక్క ఉంది. సంతోషం. కానీ రోజూ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు ‘బడి గేటు దగ్గర’ అని రాశావు. మూసిన బడి దగ్గర పదకొండేళ్ళ పిల్లకు ఏం పని? మీ అమ్మ కోవిడ్ వార్డు డ్యూటీలో నర్సుల హాస్టల్లోనే ఉంటున్నది. కంపెనీ మూతపడి మీ నాన్న ఇంట్లో ఉన్నాడు కదా, అతని ఎదుట కూర్చుని చదువుకో. ముప్పై నాలుగేళ్ళు బడిలో పనిచేసినదాన్ని చెబుతున్నాను.

ప్రార్థన మానకు.
నానమ్మ లీలావతి

హెబ్బగోడి,
14 జూన్.

ప్రియమైన నానమ్మకు,

అంబిక టీచర్ పిల్లల ఇళ్ళకు బియ్యం, పప్పు ఇవ్వడానికి రోజూ బడికి వస్తారు. నేను పేర్లు పిలుస్తాను. “ఏమే, నువ్వే హెడ్మిస్ట్రెస్ అయిపోయినావే!” అని నవ్వుతారు. మధ్యాహ్నం ఇంట్లో ఉంటే నాన్న లెక్కలు చేయిస్తారు. తప్పయితే స్కేలు తీస్తారు. నేను బయట ఉంటే నిద్రపోతారు. గేటు దగ్గరికి వెళ్ళనా?

మీ లిడియా

హొసకోటె,
21 జూన్.

ప్రియమైన లిడియాకు,

కన్నతండ్రి మీద చాడీలు రాయకూడదు. దండన లేకుండా ఎవరూ బాగుపడలేదు. నువ్వు రాసిన సంగతి మీ నాన్న ప్రభుదాసుకు ఫోన్‌లో చెప్పాను. “సరేమ్మా” అన్నాడు. ఇకమీదట గడప దాటకు.

నీ మేలు కోరే
నానమ్మ

హెబ్బగోడి,
12 జూలై.

నానమ్మకు,

కుడిచేతికి కట్టు ఉంది. ఎడమ చేత్తో రాస్తున్నాను.

మీరు చెప్పినట్టే ఆరు రోజులు ఇంట్లోనే ఉన్నాను. ఏడో రోజు అంబిక టీచర్ మా ఇంటికి వచ్చారు. “పిల్ల పండుకొని ఉండాది, పోండి మేడమ్,” అన్నారు నాన్న.

“లేపప్పా. మొగం చూసే పోతాను. అంతవరకూ ఈ మెట్టు మీదే కూర్చుంటాను.”

పక్క గదులవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. నాన్న తలుపు తీశారు. టీచర్ నా చెయ్యి చూసి పిల్లల సంరక్షణ అధికారులను పిలిపించారు. అప్పుడు నాన్న, “మా అమ్మ హెడ్మిస్ట్రెస్. నన్ను ఇట్లే పెంచింది. నేనేమన్నా చెడిపోయినానా?” అని అరిచారు.

ఇప్పుడు అమ్మ సెలవు పెట్టి నాతో ఉంది. నాన్నను ఇంటికి రావద్దన్నారు. అమ్మ డ్యూటీకి వెళ్తే నేను మీ దగ్గర ఉంటానో లేదో వచ్చే సోమవారం అధికారులకు చెప్పాలట.

నాన్నను మీరు కొట్టేవారా?

లిడియా

హొసకోటె,
15 జూలై.

ప్రియమైన లిడియాకు,

కొట్టాను. స్కేలు విరిగితే కొత్తది కొనుక్కురమ్మని వాణ్ణే అంగడికి పంపాను. అప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. నా బడిలో అంతా నన్ను మెచ్చుకున్నారు.

నీ జూన్ ఉత్తరం నాకు అర్థం కాలేదనుకోకు. అర్థమైంది. అందుకే కోపం వచ్చింది. నిన్ను తప్పుపడితే, నన్ను నేను తప్పుపట్టుకోనక్కరలేదు. బడి మూసినా అంబిక గారు నిన్ను వెతుక్కుంటూ వచ్చారు. నేను నిన్ను మళ్ళీ ఆ తలుపు లోపలికే పంపాను.

ఇదంతా రాసి, సంతకం పెట్టి అధికారులకు పంపాను. నిన్ను నా దగ్గర ఉంచవద్దని కూడా రాశాను. అంబిక గారికి ఫోన్ చేశాను. తమ ఇంటి పై గది నీకూ మీ అమ్మకూ ఇస్తామన్నారు. నీకు ఇష్టమైతే అక్కడే ఉండు.

నిన్ను చూడాలని ఉంది. రమ్మంటావో వద్దంటావో నీ ఇష్టం. వద్దంటే, ఎందుకని అడగను.

నానమ్మ