ఓడిన గిన్నెలోని కాయ

బర్న్లీ,
డిసెంబరు 8

ప్రియమైన చెల్లెలు వెండీకి,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలని కోరుకుంటూ మొదలుపెడుతున్నాను. ఆ కోరిక నిజమైనదే. దాని కింద రాయబోయేది కూడా నిజమే.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నా గొంతు పైకి లేవదు, నీ గొంతు కిందికి దిగదు. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు.

ఈ ఉదయం అంత్యక్రియలు జరిపించే ఆష్‌వర్త్ గారు ఇంటికి వచ్చారు. టోపీ చేతుల్లో తిప్పుకుంటూ చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడి, చివరికి, "మీ చెల్లెలు బ్లాక్‌పూల్ నుంచి ఫోన్ చేశారమ్మా. దహనశాలలో శవపేటిక ముందు తెర మూసుకునేటప్పుడు నాన్నగారికి పెద్దబాతు పాట వెయ్యమన్నారు. మీకు చెప్పే ఉంటారు కదా," అన్నారు. చెప్పలేదని ఒప్పుకోవడానికి నాకు సిగ్గేసింది. టీ చల్లారిపోయిందని చెప్పి వంటింట్లోకి వెళ్లి, మళ్లీ కాచే నెపంతో అక్కడే నిలబడ్డాను.

పెద్దబాతు పాట, వెండీ. పొయ్యిలో పెట్టబోతే తప్పించుకుని, పాదిరి గారి టోపీ పెట్టుకుని వీధంతా పరుగెత్తే బాతు పాట. పల్లవి పూర్తయినప్పుడల్లా మూడుసార్లు "హోంక్, హోంక్, హోంక్". మన చిన్నప్పుడు అది వచ్చిన ఏడాది క్రిస్మస్‌కు దేశమంతా దాన్నే నెత్తిన పెట్టుకుంది, పాటల అమ్మకాల చార్టులో మొదటి స్థానం దానిదే, నేను కాదనడం లేదు. దేశం మెచ్చింది కాబట్టి నాన్న కూడా మెచ్చాడనుకోవడం దగ్గరే నువ్వు తప్పుతున్నావు. మన ఇంట్లో ఆ రెండూ ఒకటి కాదని అందరికంటే నీకే బాగా తెలియాలి.

మరిచిపోయి ఉంటే గుర్తు చేస్తాను. క్రిస్మస్ ముందు ఆదివారం రేడియోలో ఆ ఏటి నంబర్ వన్ ఏదో చెప్పగానే నాన్న రేడియో కట్టేసి, "అది వాళ్లది. ఇప్పుడు మనది తేలుద్దాం," అనేవాడు. వంటింటి పక్క సామాన్ల కొట్టులో రెండు గిన్నెలు. నీలం గిన్నె దేశం పాటకి, సత్తుగిన్నె ఇంటి పాటకి. రెండింటి మీదా గుడ్డ కప్పి ఉండేది. ఒక్కొక్కరం ఓటుగా ఒక్కో చిట్టి క్యాబేజీ కాయ పట్టుకుని లోపలికి వెళ్లి, ఎవరికీ చెప్పకుండా గుడ్డ కింద వేసి రావాలి. గెలిచిన పాట క్రిస్మస్ ఉదయం మొదటగా మోగుతుంది. ఓడిన గిన్నెలో కాయ ఎవరిదైతే వాళ్లు పండగ అంట్లు తోమాలి.

ఆ ఏడాది ఇంటి పాట నేను ఎంచిన లైట్‌హౌస్ పాట. సముద్రం మీద ఉన్న భర్త కోసం క్రిస్మస్ ముందురోజు దీపం ఆరకుండా కాచుకునే ఆవిడ పాట. చార్టులో అది ఎక్కడో కింద ఉండిపోయింది. మనింట్లో మాత్రం సత్తుగిన్నెలో మూడు కాయలు, నీలం గిన్నెలో ఒక్కటి. ఆ ఒక్కటీ ఎవరిదో అడగాల్సిన పనే లేకపోయింది. రేడియో ముందు బాతులా నడుస్తూ ఇల్లు పీకి పందిరి వేసిన దానివి నువ్వే కదా. "నాదే, నాదే," అంటూ గౌను చేతులు పైకి మడుచుకుని సింకు దగ్గరికి నువ్వే వెళ్లావు. చిన్నది, పాపం అని నాన్న తువ్వాలు తీసుకుని తుడవడానికి వచ్చాడు. ఆ తర్వాత ప్రతి ఏడాదీ అంతే. దేశం పాటకి నువ్వు, నా పాటకి నేనూ అమ్మా నాన్నా.

నాన్న మంచం పట్టాక ఆయన దగ్గర ఉన్నది నేను. పక్క బట్టలు మార్చింది, గడ్డం గీసింది, గంజి తాగించింది నేను. చివరి వారాల్లో ఆయన గొంతులో ఏదో అడ్డుపడినట్టు మూడుసార్లు బొంగురు చప్పుడు వచ్చేది, నావైపు అలా చూసేవాడు, ప్రతిసారీ లేచి చెంచాతో దగ్గు మందు పోసేదాన్ని. నువ్వు ఎక్కడున్నావు? బింగో హాల్లో మైకు పట్టుకుని అంకెలు అరుస్తూ. ఎవరి కోసమూ ఏదీ వదులుకోని మనిషివి, ఆయన్ని సాగనంపే పాట ఎంచే హక్కు నీకు ఎక్కడిది?

లైట్‌హౌస్ పాటే వెయ్యమని ఆష్‌వర్త్ గారికి చెప్పాను. ఇక దాన్ని కదిలించకు.

నీ క్షేమం కోరే అక్క,
హేజెల్


బర్న్లీ,
డిసెంబరు 11

చెల్లెలు వెండీకి,

దేవుడు నీకు మంచి బుద్ధి ఇవ్వాలని ఈ రోజు కూడా అడిగాను.

నీ కార్డు అందింది. నాన్న చనిపోయిన వారంలో గాడిద బొమ్మ ఉన్న కార్డు పంపడం నీకే చెల్లింది. దాని వెనక నువ్వు రాసిన రెండు ముక్కలు పోస్ట్‌మాన్ కూడా చదివే ఉంటాడు. "నాన్న పాట బాతుదే, పాస్టరమ్మా. దేవుణ్ణి అడిగినా అదే చెప్తాడు." నువ్వు నన్ను పాస్టరమ్మా అన్నందుకు నాకు కోపం లేదు. దేవుణ్ణి నీ వైపు సాక్షిగా లాగినందుకు ఉంది.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నావని పాదిరి గారు నన్ను అడిగారు. ఆయనకు చెప్పలేదు. నీకు చెప్తాను, ఎందుకంటే నువ్వు తెలుసుకోవాలి.

నాన్న పగలంతా నీ నాన్నే. ఆయన తోలే బస్సులో ముందు సీటు నీది, గంట కొట్టే వంతు నీది. జేబులో పిప్పరమెంట్లు ముందు నీకే దొరికేవి. ఆయన్ని నవ్వించడం నీకు చేతనవును, నాకు ఎప్పుడూ చేత కాలేదు. నేను మాట్లాడితే ఆయన మర్యాదగా వినేవాడు, ఎదురింటావిడ మాట విన్నట్టు. కానీ ఏడాదికి ఒక్కసారి, ఎవరూ చూడని ఆ కొట్టులో, ఆయన కాయ నా గిన్నెలో పడేది. ఎవరి మెప్పు కోసమూ కాదు, ఎవరికీ తెలియదు కాబట్టి. నాకు నాన్న నుంచి దక్కింది ఆ ఒక్క కాయ. దాన్ని పట్టుకునే ఇన్నేళ్లూ ఈ ఇంట్లో ఉన్నాను. వచ్చిన సంబంధాలు కాదనుకున్నప్పుడూ, ఆయన చివర్లో నా పేరు మరిచి నీ పేరుతో నన్ను పిలిచినప్పుడూ, నాకు అదే ఆసరా. నీకు ఇంత ఉండగా నా దగ్గరున్న ఆ ఒక్కదాన్నీ లాక్కోవాలని చూస్తున్నావు.

అందుకని వినుకో. శుక్రవారం దహనశాలకు రా, కూతురివి, రావద్దనను. ఆ తర్వాత చర్చి హాల్లో జరిగే టీకి మాత్రం రావద్దు. హ్యామ్ ముక్కలు కోసేది నేను, కుర్చీలు వేసేది నేను. నీ ముఖం చూస్తూ వాటిని పంచడం నా వల్ల కాదు.

అక్క,
హేజెల్


బ్లాక్‌పూల్,
డిసెంబరు 13

హేజెల్ అక్కా,

నీలాగా ప్రార్థనతో మొదలుపెట్టడం నాకు రాదు. నీకు రాసేటప్పుడు ఇంకా రాదు.

ఇది చెప్పకూడదనుకున్నాను. చెప్పనని మాట కూడా ఇచ్చాను. ఎవరి కోసమూ ఏదీ వదులుకోని మనిషివి అని నువ్వు రాసిన ముక్క దగ్గర ఆ మాట తెగిపోయింది. మళ్లీ అతికించడం నా వల్ల కాదు.

ఆ నీలం గిన్నెలో కాయ నాది కాదు. నాన్నది.

బాతు పాటకు ముందు ఏడాది గుర్తుందా? నీ పాట ఓడిపోయింది. నువ్వు క్రిస్మస్ భోజనానికి రాలేదు. మెట్ల మీద కూర్చుని, గోడకి తల ఆనించి, "నాన్నకి నేనంటే లెక్క లేదు," అన్నావు. నాతో అనలేదు, గోడతో అన్నావు. పై మెట్టు మీద నేనున్నాను. నాకు ఏడేళ్లు. ఇంట్లో ఎవరో చచ్చిపోతున్నట్టు భయమేసింది. మరుసటి ఏడాది కొట్టులోకి వెళ్లినప్పుడు నా కాయ తీసుకెళ్లి సత్తుగిన్నెలో వేశాను. బాతు పాటంటే నాకు ప్రాణం. అయినా వేశాను. ఆ తర్వాత నేను ఆ ఇల్లు వదిలేదాకా ప్రతి ఏడాదీ నీకే వేశాను.

గుడ్డ తీసి నీలం గిన్నెలో ఒక్కటుందని అమ్మ చెప్పగానే నాకు అర్థమైంది, అది ఎవరిదో. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. నువ్వు ఆయన వైపు చూస్తున్నావు, దీపం వెలిగినట్టుంది నీ మొహం. అందుకే నాదేనని లేచాను. పాపం అని నాన్న తుడవడానికి రాలేదు, తల్లీ. ఓడిన కాయ ఆయనది. శిక్ష ఆయనకి. నేను పక్కన చేరాను, అంతే.

సింకు దగ్గర ఆయన మెల్లిగా, "దానికి చెప్పకే," అన్నాడు. మరైతే నీ కాయ కూడా అక్క గిన్నెలో వెయ్యొచ్చు కదా అన్నాను. ఆయన ఏమన్నాడో రాస్తాను, ఒక్క అక్షరం మార్చకుండా.

"ఓటు దగ్గర అబద్ధం ఆడలేనే చిన్నీ. అంట్ల దగ్గరైతే ఎంతైనా ఆడతాను."

తర్వాత ఇద్దరం సబ్బు నీళ్లలో చేతులు పెట్టి బాతు పాట పాడుకున్నాం. బస్సు తోలుతూ వీధి మలుపులో హారన్ మూడుసార్లు కొట్టేవాడు, డిపోలో తిట్లు తిన్నాడు కూడా, అది నీకు ఎవరూ చెప్పలేదు. నీకు తెలిస్తే ఆ పాట ఆయనదని తెలిసిపోతుందని.

పండగ పూట నా చేతులు పగిలేదాకా అంట్లు తోమాను, నువ్వు ముందు గదిలో కూర్చుని నీ దీపం పాట వింటుంటే. ఆ ఒక్క కాయ నాన్న నీకిచ్చాడనుకుంటున్నావు. నేనిచ్చాను. టీకి రానులే, నీ హ్యామ్ నువ్వే తిను.

వెండీ


బర్న్లీ,
డిసెంబరు 15

వెండీకి,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. చదివాక అలాగే నిలబడి ఉన్నాను. పొయ్యి మీద గిన్నె మాడింది.

నువ్వు అబద్ధం చెప్తున్నావనుకోవడానికి ఒక రోజంతా ప్రయత్నించాను. నీ గురించి చెడ్డగా అనుకోవడం నాకు కష్టమైన పని కాదని నీకు తెలుసు. ఈసారి కుదరలేదు. ముందు గదిలో నా పాట మోగుతుంటే గోడ అవతల మీ ఇద్దరి నవ్వు వినిపించేది. పండగ పూట అంట్లు తోమేవాళ్లు అంత నవ్వుతారా అని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నా పాట సరిగా వినపడటం లేదని లేచి తలుపు వేసేదాన్ని.

ఇంకొకటి ఉంది. అది నువ్వు రాయలేదు, నీకు తెలియదు కూడా. నాన్న గొంతులో అడ్డుపడేదని మొదటి ఉత్తరంలో రాశాను. ఎప్పుడూ మూడుసార్లే. మూడోది అయ్యాక ఆగి, నా ముఖం వంక చూసేవాడు, నేనేదో అనాలన్నట్టు. నువ్వైతే తిరిగి "హోంక్" అనేదానివి. నేను మందు పోశాను. ఆయన ఓపిగ్గా మింగి, మూతి తుడుచుకుని, కాసేపాగి మళ్లీ మొదలుపెట్టేవాడు. దగ్గు తగ్గడం లేదని డాక్టర్ని మార్చాను కూడా. ఇన్నేళ్లు దాచిన పాటని చివరికి ఆయనే నా దగ్గరికి తెచ్చాడు, వెండీ. నేను చెంచా పట్టుకుని వెళ్లాను.

ఈ మధ్యాహ్నం ఆష్‌వర్త్ గారి దగ్గరికి నడిచి వెళ్లాను. మళ్లీ టోపీ తీశారు. చివరికి ఏ పాటో చెప్పమన్నారు. బాతుది అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నారు. మొత్తం వేయాలా, కొంచెం వేసి తగ్గించాలా అని అడిగారు. మొత్తం వేయమన్నాను. మూడు కూతలూ వినపడేలా గట్టిగా వేయమన్నాను. పాదిరి గారికి నేనే చెప్పాను. ఆయనకు అది నచ్చలేదు, నాకూ నచ్చలేదు. కానీ ఓటు నాన్నది.

దీన్ని బట్టి నిన్ను క్షమించాననుకోకు. అంత మంచిదాన్ని కాను. ఎనిమిదేళ్ల పిల్లవి జాలిపడి వేసిన కాయని తండ్రి ప్రేమ అనుకుని నేను యాభయ్యేళ్ల దాన్నయ్యాను. నువ్వు నాకు చేసిన మేలు అది. ఎవరైనా కీడు చేస్తే ఏం చెయ్యాలో నాకు చర్చిలో నేర్పారు, ఇలాంటి మేలు చేస్తే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. ప్రార్థనలో మాకు అపకారం చేసినవారిని మేము క్షమించినట్టు అనే మాట దగ్గర ఈ ఉదయం ఆగిపోయాను. రేపు కూడా ఆగిపోతానేమో. నాన్నని కూడా ఆ మాటలోనే కలిపాను, మీరిద్దరూ ఒక జట్టు కదా.

టీకి రావద్దన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు. హాల్లోకి నువ్వు రానక్కర్లేదు. వెనక వంటగది తలుపు గడియ వేయకుండా ఉంచుతాను. ఎనభై మంది వస్తారంటున్నారు. కప్పులూ సాసర్లూ చాలా ఉంటాయి.

ఈసారి ఓడిన గిన్నెలో కాయ నాది. అంట్లు నేను తోముతాను. తువ్వాలు తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉంటుంది.

మీ ఇద్దరి పాటలో మొదటి లైను నాకు రాదు. నువ్వు మొదలుపెట్టాలి.

హేజెల్