పిండిమర జోల

వదినకి నమస్కారాలు.

మీరిచ్చిన కరెంటు పిండిమర ఎలా ఉందని అడిగారు. ముందుగా ఒక మాట: ఈసారి వచ్చేటప్పుడు ఖాళీ డబ్బాలు తెచ్చుకోండి. పిండి వద్దంటే ఊరుకోను.

మూడో నెల దాటినా పాప గుక్కపట్టి ఏడవడం మానలేదని కిందటి ఉత్తరంలో రాశాను కదా. డాక్టరేమో "భయం లేదమ్మా, అదే తగ్గుతుంది" అని పంపేశారు. ఓ మధ్యాహ్నం దాన్ని భుజాన వేసుకునే గోధుమలు పోసి మర వేశాను. గుర్రుమని మోత మొదలైందో లేదో, ఏడుపు టక్కున ఆగింది! చూద్దును కదా, హాయిగా నిద్రపోతోంది. మా అమ్మ మాత్రం "పసిదాని చెవులు పోతాయే" అని గోలపెట్టి, ఉయ్యాలని పక్కగదిలోకి మార్పించి తలుపు దగ్గరగా వేయించింది. అయినా మంత్రం పారింది. అప్పట్నుంచి పాప ఏడిస్తే చాలు, గోధుమలు పోయడమే. పిండి వేడివేడిగా, కమ్మటి వాసనతో వచ్చిపడుతుంటే మేమెంతని తింటాం? కింద వాటాలో దర్జీ దగ్గర్నుంచి మేడమీది టీచరమ్మ దాకా అందరిళ్ళలోనూ మా పిండి రొట్టెలే.

నిన్న మర తిరుగుతుండగా కరెంటు పోయింది. పాప కళ్ళు తెరిచి పెదవి విరిచింది. మీ తమ్ముడి సంగతి తెలుసుగా, నోట్లోంచి మాట రావడమే గగనం. అలాంటి మనిషి ఒక్క ఉదుటున ఉయ్యాల మీదికి వంగి, బుగ్గలు పూరించి "గుర్ర్ర్ర్" అన్నారు. పాప నిద్రపోలేదు వదినా. ఆయన మొహంలోకి చూసి కిలకిలా నవ్వింది. అది గొంతు విప్పి నవ్వడం అదే మొదలు!

కరెంటు వచ్చినా నేను మర వేయలేదు. ఇదిగో, ఈ ఉత్తరం రాస్తుంటే పక్కగదిలోంచి మీ తమ్ముడి మోత వినిపిస్తూనే ఉంది.

మీ మరదలు