ఐదు వాట్ల పెట్టె విన్నది

మంగళవారం, రాత్రి

పెంచలయ్య మామను చంపింది మా ఊరి రొయ్యల గుంట యజమానే. కంచెకు కరెంటు పెట్టినాడు. మామ అది తగిలి పోయినాక, తీసేసినానని ఊరి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేసినాడు. నేనూ నమ్మినాను, ఛీ.

మామ సంస్మరణ సభలో పాటలకని నెల్లూరు పోయి, అక్కడ పాటల పెట్టెలు చేసే మస్తానన్న చేత్తో కట్టిన వాల్వు ఆంప్లిఫయర్, అదే గిటారు మోత పెంచే పెట్టె, తెచ్చినాను. మా సభ కరపత్రాల్లో రాసినట్టు గళమెత్తాలంటే ఇరవై వాట్లు కావాలన్నాను. అన్న నవ్వినాడు.

"ఊరేగింపుకా? ఐదు వాట్లది తీసుకో. చిన్న బ్యాటరీ మీద పాడుద్ది, చీమ నడిచినా చెప్పుద్ది."

సాయంత్రం మామ పోయిన గుంట గట్టు మీద, పాట సరిచూసుకుందామని పెట్టెకు గిటారు తగిలించినాను. ఒక్క స్వరం మీటకముందే పెట్టె మూలిగింది. ఒళ్లు మండి ఫోన్ చేసినాను.

"నాసిరకం అంటగట్టినావే అన్నా!"

"ఇంట్లో మూలిగిందా?"

"లేదు."

"అయితే గిటారు పక్కకు తిప్పి చూడు అబ్బయ్యా."

సముద్రం వైపు తిప్పితే మూలుగు ఆగింది. కంచె వైపు తిప్పితే మళ్లీ మొదలు, గొంతు పట్టేసిన మనిషి మాదిరి. గిటారు పట్టింది దగ్గర్లో పారే కరెంటు మోతే. ఆ తీగలో ఇంకా కరెంటుంది.

నాట్లకు పోయే ఆడోళ్లు రేపు పొద్దున ఏడింటికి ఆ గట్టెక్కుతారు. మనోళ్లందరికీ ఇప్పుడే పంపుతున్నా: కంచె ముట్టొద్దు. పొద్దున ఆరింటికల్లా గట్టు మొదట్లో నిలబడదాం, ఒక్కరినీ దాటనీయొద్దు.